చివరింటి మామ్మ పేరు ఎక్కడ పోయింది?

విద్యార్థులారా! ఈ నెల మనం పరీక్షనాళికలూ, కటకాలూ పక్కన పెట్టి, ఒక జాబితాతో పాఠం మొదలుపెడదాం. వట్టి పేర్ల జాబితాలో విజ్ఞానశాస్త్రం ఏముందని అనుకుంటున్నారా? చివరిదాకా చదివి మీరే చెప్పండి.

2021 సెప్టెంబరు 26, ఆదివారం. బంగాళాఖాతంలో పుట్టిన 'గులాబ్' తుపాను మా కళింగపట్నం వైపు వస్తున్నదని రేడియోలో, టీవీలో హెచ్చరికలు. ఆ రాత్రే అది మా వూరికి ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 75 నుంచి 85 కిలోమీటర్లు.

మా పిల్లల సైన్సు క్లబ్బు అంతకు ముందే ఒక మంచి పని పెట్టుకుంది. ఏ వీధిలో ఏ యింట్లో నడవలేని ముసలివాళ్ళు వున్నారు, పసిపిల్లల తల్లులు ఎవరు, ఎవరి ఫోను నంబరు ఎంత అని ఇంటింటికీ తిరిగి రాసి, కంప్యూటరులో ఎక్కించారు. తుపాను వచ్చినప్పుడు ఎవరిని ముందుగా షెల్టరుకు తీసుకుపోవాలో ఆ జాబితా చెబుతుంది. ఆదివారం ఉదయం దాన్ని అచ్చు తీసి పిల్లలకు పంచాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కాగితం చూసి నిలబడిపోయింది.

"మాస్టారండీ, మా వీధి సివరింటి మామ్మ పేరు నేదేటండి? నేనే ఎక్కించాను గదా!"

పెన్ డ్రైవులో చూశాం. అందులో నాలుగు ఫైళ్ళున్నాయి. 'జాబితా', 'జాబితా చివరిది', 'జాబితా అసలు చివరిది', 'జాబితా అసలు చివరిది కొత్త'. మీరు నవ్వుతున్నారు గాని, మీ యింట్లో కంప్యూటరు వుంటే ఒకసారి తెరిచి చూసుకోండి! నాలుగింటిలోనూ మామ్మ పేరు లేదు. ఆ అమ్మాయి ఫోనులో దాచుకున్న ప్రతిలో మాత్రం వుంది.

ఇప్పుడు ఏది నిజం? మామ్మ పేరును ఎవరైనా పొరపాటున చెరిపారా? లేక ఆమె విశాఖపట్నంలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయిందని తెలిసి, కావాలనే తీసేశారా? పెన్ డ్రైవులో ఆఖరున దిద్దిన కుర్రవాడు మేనమామ వూరు వెళ్ళాడు, ఫోను అందలేదు. చివరికి ఇద్దరు పిల్లలు వానలో పరుగెత్తి వెళ్ళి చూశారు. మామ్మ యింట్లోనే వుంది. వంటరిగా, మేకను లోపలికి లాగి కట్టుకుంటోంది! మధ్యాహ్నానికి ఆమెను షెల్టరుకు చేర్చాం. మేకను కూడా.

తప్పు పిల్లలది కాదు, నాది. పని చెప్పాను గాని, పనిముట్టు ఇవ్వలేదు. ఆ పనిముట్టు గురించే ఈ పాఠం.

కూర్పు అంటే ఏమిటి?

మన ఉత్తరాంధ్ర విషయమే ఒకటి చెబుతాను. విజయనగరంలో గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' నాటకాన్ని మొదటిసారి 1892లో ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. తరువాత ఆయన దానిని ఎంతో మార్చి, పెంచి, 1909లో మళ్ళీ అచ్చు వేయించారు. మొదటిదానిలో అయిదు అంకాలు, రెండవదానిలో ఏడు. ఇవాళ మనం చూసే నాటకం ఈ రెండవదే. వీటినే మొదటి కూర్పు, రెండవ కూర్పు అంటాం. మొదటి కూర్పు పోకుండా మిగిలింది కనుకనే, రచయిత ఏమి మార్చారో, ఎందుకు మార్చి వుంటారో పండితులు పోల్చి చూడగలుగుతున్నారు.

కంప్యూటరు ప్రోగ్రాము కూడా ఒక రచనే. దానికీ కూర్పులుంటాయి. అయితే ఒక పెద్ద ప్రోగ్రాముకు రోజుకు పదులకొద్దీ కొత్త కూర్పులు పుట్టవచ్చు. దానిమీద పనిచేసేవాళ్ళు వందలూ వేలూ వుండవచ్చు. ఏ కూర్పులో ఎవరు, ఎప్పుడు, ఏమి, ఎందుకు మార్చారో గుర్తుపెట్టుకుని, అడిగిన కూర్పును అడిగినప్పుడు తీసి ఇచ్చే పనిముట్టును 'వెర్షన్ కంట్రోల్' అంటారు. మనం 'కూర్పుల అదుపు' అందాం.

తెలుగు వికీపీడియా మీకు తెలుసు గదా! 2003 డిసెంబరులో మొదలయింది. అందులో ఏ వ్యాసం తెరిచినా పైన 'చరిత్ర' చూపించే చోటు వుంటుంది. అక్కడ నొక్కితే ఆ వ్యాసపు కూర్పులన్నీ వరుసగా కనిపిస్తాయి. ఎవరైనా పాడుచేస్తే వెనకటి కూర్పును తిరిగి నిలబెట్టవచ్చు. కూర్పుల అదుపును కళ్ళారా చూడడానికి ఇంతకంటే సులువైన చోటు లేదు.

తేడాలు దాచితే చాలు

ప్రతి కూర్పునూ పూర్తిగా దాచాలా? లెక్క వేసి చూద్దాం. మన జాబితాలో 100 వరుసలు వున్నాయనుకోండి. ఒక్కొక్కసారి 2 వరుసలు మాత్రమే మారుస్తూ మొత్తం 30 కూర్పులు చేశామనుకోండి. అన్నీ పూర్తిగా దాచితే 30 × 100 = 3000 వరుసలు. అలా కాకుండా ఒక్క కూర్పును పూర్తిగా వుంచి, మిగిలిన 29 కూర్పులకు మారిన వరుసలు మాత్రమే రాస్తే 100 + 29 × 2 = 158 వరుసలు. ఎంత ఆదా!

ఈ ఉపాయంతో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మార్క్ రోచ్‌కైండ్ 1972లో ఒక పనిముట్టు చేశాడు. దాని పేరు ఎస్.సి.సి.ఎస్. తరువాత 1982లో వాల్టర్ టిషీ ఆర్.సి.ఎస్. అనే మరొకటి చేశాడు. దానిలో ఒక చిన్న తెలివి వుంది. అది అన్నిటికంటే కొత్త కూర్పును పూర్తిగా వుంచి, పాతవాటికి వెళ్ళడానికి కావలసిన తేడాలను దాస్తుంది. ఎందుకో ఆలోచించారా? ఎక్కువమంది ఎక్కువసార్లు అడిగేది కొత్త కూర్పునే. దానికి ఏ తేడాలూ కలపకుండా వెంటనే తీసి ఇవ్వవచ్చు. అరుదుగా అడిగే పాతదానికి కొంచెం శ్రమ పడితే నష్టం లేదు. రోజూ వాడే గరిటె అందుబాటులోనూ, పండుగకు వాడే గుండిగ అటకమీదా పెట్టినట్లు!

ఇద్దరు ఒకేసారి దిద్దితే?

ఈ పాత పనిముట్లలో సాధారణంగా ఒకరు ఫైలు దిద్దుతుండగా ఇంకొకరు దాన్ని దిద్దకూడదు. మొదటివారు తాళం వేసి తీసుకుపోతారు. పని ముగించి తాళం తీసేదాకా రెండవవారు కూర్చోవలసిందే. మొదటివారు తాళం వేసి మేనమామ వూరు పోతే? అంతే సంగతులు!

ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్ అనే అధ్యాపకుడికి ఇదే చిక్కు వచ్చింది. 1984, 1985 సంవత్సరాల్లో ఆయన తన విద్యార్థులు ఇద్దరితో కలిసి ఒక ప్రోగ్రాము రాస్తున్నాడు. ఒక విద్యార్థి పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా క్రమంగా పనిచేస్తాడు. రెండవవాడికి వేళాపాళా లేదు. అధ్యాపకుడికి తీరిక దొరికేది సాయంత్రాలే. కనుక ఆయన తాళాల పద్ధతి మాని, ఎవరి ప్రతి మీద వారు పనిచేసి, తరువాత మార్పులను కలుపుకొనే ఏర్పాటు చేశాడు. 1986లో దాన్ని అందరికీ ఇచ్చాడు. అదే సి.వి.ఎస్.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆయన అంతా మొదటినుంచి కట్టలేదు. తేడాలు దాచే పని ఆర్.సి.ఎస్. ముందే చేస్తున్నది గనుక దాన్ని అలాగే వుంచి, దానిమీద తన చిన్న చిన్న ఆజ్ఞల వరుసలు పేర్చాడు. ఒక పనిముట్టు మీద మరొక పనిముట్టు! ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

తల్లి కూర్పు చెప్పే సాక్ష్యం

ఇద్దరి మార్పులను యంత్రం ఎలా కలుపుతుంది? మామ్మ సంగతే తీసుకుందాం. అమ్మాయి ప్రతిలో మామ్మ పేరు వుంది. అబ్బాయి ప్రతిలో లేదు. ఈ రెండు ప్రతులే చేతిలో వుంటే, అమ్మాయి కలిపిందా, అబ్బాయి తీసేశాడా అన్నది ఎంత తెలివైనవారూ చెప్పలేరు. ఆ ఆదివారం నేనూ చెప్పలేకపోయాను.

కాని మూడవ ప్రతి ఒకటి వుంటే? అంటే ఇద్దరూ పని మొదలుపెట్టిన ప్రతి. దాన్ని 'తల్లి కూర్పు' అందాం. ఇప్పుడు చూడండి.

మామ్మ పేరు: తల్లిలో లేదు, అబ్బాయి ప్రతిలో లేదు, అమ్మాయి ప్రతిలో వుంది. అంటే అమ్మాయి కొత్తగా కలిపింది. కనుక వుంచాలి.

నాలుగో యింటి ఫోను నంబరు: తల్లిలోనూ, అమ్మాయి ప్రతిలోనూ ఒకటే. అబ్బాయి ప్రతిలో వేరు. అంటే అబ్బాయి దిద్దాడు. కనుక అబ్బాయిది తీసుకోవాలి.

సూత్రం ఇంతే: తల్లితో పోల్చి, ఎవరు మార్చితే వారి మార్పును తీసుకో. ఇద్దరూ ఒకే వరుసను వేరువేరుగా మార్చితే? అప్పుడు యంత్రం తన ఇష్టం వచ్చినట్లు తేల్చకూడదు. 'ఇక్కడ ఘర్షణ వున్నది, మీరే చూసి చెప్పండి' అని మనిషిని అడగాలి. మంచి పనిముట్టుకు తెలియనిది తెలియదని చెప్పడం కూడా రావాలి.

మరి మా ప్రమాదం ఎలా జరిగింది? ఆ వారంలో అమ్మాయి తన దిద్దుబాటు పెన్ డ్రైవులో పెట్టింది. అబ్బాయి తన పాత ప్రతిమీద నంబర్లు దిద్ది, అదే పేరుతో దానిమీద ఎక్కించాడు. దాంతో మామ్మ పోయింది. తల్లి కూర్పు అంతకుముందే పోయింది. సాక్షి లేని తగాదా మిగిలింది!

పాయలు, సంగమాలు

మా వూరి పక్కనే వంశధార సముద్రంలో కలుస్తుంది. నది ఒక్కొక్క చోట పాయలుగా చీలి, లంకను చుట్టి, మళ్ళీ కలవడం మీరు చూసే వుంటారు. కూర్పుల చరిత్ర కూడా అంతే. కొత్త ఆలోచన ఒకటి ప్రయత్నించాలంటే అసలు ప్రవాహాన్ని కదపకుండా ఒక పాయ తీస్తారు. బాగుంటే తెచ్చి కలుపుతారు. బాగులేకపోతే ఎండనిస్తారు.

2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన 'గిట్' ఈ పాయలను చాలా సులువు చేసింది. ప్రపంచం నలుమూలలా వున్నవారు కలిసి రాసే లినక్స్ కోసం అది పుట్టింది. ఆ నెలలోనే మాట్ మెకాల్ 'మెర్క్యూరియల్' అనే మరొకటి విడుదల చేశాడు. వీటిలో ప్రతివారి దగ్గరా చరిత్ర అంతా వుంటుంది. ఒక కంప్యూటరు పాడయినా చరిత్ర పోదు.

ఇన్ని ప్రతులుంటే ఎవరో పాత కూర్పును గుట్టుగా దిద్దితే ఎలా తెలుస్తుంది? దానికి ముద్ర వుంది. మూడు ఇళ్ళలో 4, 7, 2 మంది వున్నారనుకోండి. మొత్తం 13. ఎవరైనా 4, 2, 7 అని తారుమారు చేసినా మొత్తం 13 గానే వుంటుంది, దొంగ దొరకడు. స్థానంతో గుణించి కూడండి: 1 × 4 + 2 × 7 + 3 × 2 = 24. తారుమారు చేసినదానికి 1 × 4 + 2 × 2 + 3 × 7 = 29. దొరికాడు! గిట్ ఇంతకంటే ఎంతో గట్టి లెక్కతో ప్రతి కూర్పుకూ 40 గుర్తుల ముద్ర వేస్తుంది. పైగా ప్రతి కూర్పులోనూ దాని తల్లి ముద్ర కలిసి వుంటుంది. పాతది ఒకటి మారితే ఆ తరువాతి ముద్రలన్నీ మారిపోతాయి. ఆ లెక్కనూ మోసగించే మార్గం ఒకటి వున్నదని 2017లో పరిశోధకులు చేసి చూపారు. కనుక 64 గుర్తుల మరింత గట్టి ముద్రను కూడా గిట్‌లో చేర్చారు.

దేనితో ఏది అమరుతుంది?

ఒక్కొక్క ఫైలు సరిగా వుంటే చాలదు. ఏ కూర్పు ఏ కూర్పుతో కలిసి పనిచేయాలో కూడా తెలియాలి. దీన్ని 'కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్' అంటారు, అంటే అమరికల నిర్వహణ. వీధుల పటం కొత్తది, ఇళ్ళ నంబర్లు పాతవి అయితే రెండూ విడివిడిగా తప్పులు లేకపోయినా కలిపి తప్పే.

1996 జూన్ 4న ఐరోపావారి ఏరియన్-5 రాకెట్టు మొదటి ప్రయాణంలోనే, బయలుదేరిన సుమారు 40 సెకన్లకు పేలిపోయింది. దాని దిశను కొలిచే సాధనంలోని ప్రోగ్రాము పాత ఏరియన్-4 నుంచి తెచ్చినది. ఏరియన్-4లో అది చక్కగా పనిచేసింది. కొత్త రాకెట్టు అడ్డదిశలో అంతకంటే వేగంగా పోతుంది. ఆ వేగానికి సంబంధించిన సంఖ్యను 32,767 వరకే పట్టే చిన్న గడిలో పెట్టబోతే పట్టలేదు. సాధనం ఆగిపోయింది. ప్రోగ్రాము చెడ్డది కాదు, అమరిక చెడ్డది!

ఖాళీ కొక్కేలు

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇటువంటి పనిముట్టును మీరే చేయవలసివస్తే ఎలా చేస్తారు? వాడేవాళ్ళ అవసరాలన్నీ ముందుగా వూహించి, అన్నీ అందులోనే పెడతారా? అది సాధ్యం కాదు. రాకెట్టు వారికి ఒకటి కావాలి, నాటకాల వారికి ఇంకొకటి, మన సైన్సు క్లబ్బుకు మరొకటి.

తెలివైన దారి మూడు మెట్లు. మొదటిది, ఎప్పటికీ మారని చిన్న పనిని మాత్రమే పనిముట్టు గుండెలో పెట్టాలి: కూర్పును దాచు, తేడా చూపు, తల్లిని చెప్పు. రెండవది, ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిన్న ముక్క వుండాలి, దేన్నయినా తీసి మరొకటి బిగించుకోవచ్చు. డ్రిల్లు యంత్రానికి సన్నని మొన తీసి లావు మొన పెట్టినట్లు. మూడవది, ముఖ్యమైన ఘట్టాల దగ్గర ఖాళీ కొక్కేలు వదలాలి. గోడకు కొక్కెం కొట్టినవారికి దానికి చొక్కా తగిలిస్తారో, సంచి తగిలిస్తారో తెలియనక్కరలేదు గదా!

గిట్‌లో కొత్త కూర్పు నమోదు కాబోయే ముందు అటువంటి కొక్కెం ఒకటి వుంది. దానికి మనం రాసిన చిన్న ప్రోగ్రాము తగిలించవచ్చు: 'ప్రతి ఫోను నంబరులో పది అంకెలున్నాయా? లేకపోతే నమోదు చేయకు.'

తెలుగులో వచ్చే చిక్కు ఒకటి చూడండి. కంప్యూటరులో ప్రతి అక్షరానికీ, గుర్తుకూ ఒక సంఖ్య వుంటుంది. 'శైలజ' అనే పేరులో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ దాచవచ్చు, ఎత్వం గుర్తూ దాని కింది భాగమూ కలిపి రెండు గుర్తులుగానూ దాచవచ్చు. యూనికోడ్ నియమాల ప్రకారం రెండూ సమానమే, కంటికి రెండూ 'శై' గానే కనిపిస్తాయి. కాని సంఖ్యలను పోల్చే యంత్రానికి అవి వేరు. ఏమీ మారకపోయినా 'పేరు మారింది' అంటుంది! ఆమ్‌స్టర్‌డామ్ అధ్యాపకుడికి తెలుగు తెలియదు, తెలియనక్కరలేదు. పోల్చేముందు అన్నిటినీ ఒకే రూపానికి తెచ్చే చిన్న ముక్కను మనమే రాసి గిట్‌కు తగిలించుకోవచ్చు. ఇటువంటి చోటు వదిలిన పనిముట్టునే 'విస్తరించదగినది' అంటారు. చేసినవారికి తెలియని భాషకు, వారు చూడని వూరికి కూడా అది పనికివస్తుంది.

చేసి చూడండి

కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు. ముగ్గురు మిత్రులు కలవండి. మీ వీధిలోని పది ఇళ్ళ జాబితా రాసి దానికి 'తల్లి' అని పేరు పెట్టండి. ఇద్దరు దాన్ని ఎత్తి రాసుకుని, ఒకరికి తెలియకుండా ఒకరు మూడు మార్పులు చేయండి. మూడవవారు మొదట తల్లిని చూడకుండా ఆ రెండింటినీ కలపడానికి ప్రయత్నించండి. ఎన్నిచోట్ల ఆగిపోయారో లెక్కపెట్టండి. తరువాత తల్లిని పక్కన పెట్టుకుని మళ్ళీ కలపండి. ఈసారి ఎన్ని మిగిలాయి? మిగిలినవి అసలైన ఘర్షణలేనా?

ఇంకొక ప్రశ్న: పైన చెప్పిన స్థానాల లెక్కకు కూడా దొరకని దొంగతనం ఒకటి వుంది. 4, 7, 2 ను ఎలా మారిస్తే మళ్ళీ 24 వస్తుంది? కనిపెట్టండి.

ఇప్పుడు మా క్లబ్బు జాబితా గిట్‌లో వుంది. ఎవరు ఏ వరుస దిద్దినా, ఎందుకు దిద్దారో ఒక్క వాక్యం రాయనిదే నమోదు చేయకూడదని పిల్లలే నియమం పెట్టుకున్నారు. మామ్మ వరుస చరిత్ర తీస్తే అక్కడ ఆ అమ్మాయి రాసిన మాట వుంటుంది: 'మామ్మ విశాఖపట్నం నుంచి తిరిగి వచ్చింది. వంటరిగా వుంది. మేక వుంది.'

తుపాను మళ్ళీ రాకమానదు. వచ్చినరోజు ఆ ఒక్క వాక్యం వెతకడానికి ఎవరూ వానలో పరుగెత్తనక్కరలేదు.